14 వేల సైకిల్లో అన్నీ ఉన్నాయి, మరి 34 వేలదాంట్లో ఏముంది?

మీరు రాసినది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇల్లు తిరుచానూరులో, పని రేణిగుంటలో. రానూపోనూ రోజుకు 20 కిలోమీటర్ల దాకా తొక్కాలి. ఆదివారం పూట చంద్రగిరి కోట వరకు, వీలైతే ఇంకొంచెం ముందుకు వెళ్ళాలని కోరిక. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 78 కిలోలు. షాపులో మూడు సైకిళ్ళు చూపించారు. మొదటిది 14 వేలు: 21 గేర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. రెండోది 34 వేల హైబ్రిడ్, అంటే రోడ్ బైకుకూ కొండ సైకిలుకూ మధ్య రకం: షాకులు లేవు, గేర్లు 16. మూడోది 95 వేల రోడ్ బైకు. "తక్కువ ధరదాంట్లోనే అన్నీ ఉన్నాయి కదా, ఎక్కువ పెట్టి తక్కువ ఎందుకు తెచ్చుకోవాలి?" అని అడిగారు. "అంత దుడ్డు పెడితే పాత మోటార్ సైకిలే వస్తుంది గదా" అని మీ నాన్నగారు అంటున్నారని కూడా రాశారు.

నేను తిరుపతిలో 1999 నుంచి సైకిళ్ళు బాగుచేస్తున్నాను. మొదట ఒక మేస్త్రీ దగ్గర పంచర్లు వేశాను, తర్వాత ఒక పెద్ద షాపులో కొత్త సైకిళ్ళు బిగించాను, ఇప్పుడు సొంతంగా రిపేరు షాపు నడుపుతున్నాను. కొత్త సైకిళ్ళు అమ్మను. మీరు ఏది కొన్నా నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అయితే ఏ సైకిల్ ఎన్ని నెలలకు, ఏ జబ్బుతో నా దగ్గరికి వస్తుందో బాగా తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. మీకు 34 వేలదే సరైనది. 95 వేలది అవసరం లేదు. 34 వేలు కుదరకపోతే మాత్రం 14 వేలది తీసుకోకండి. 8, 9 వేలలో గేర్లు లేని మామూలు సైకిల్ తీసుకోండి. ఈ చివరి మాట మీకు వింతగా అనిపిస్తుంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

పోయిన నెల అచ్చం మీరు చెప్పిన 14 వేల రకమే ఒకటి వచ్చింది. కొని ఎనిమిది నెలలు. కొర్లగుంట కుర్రవాడు, రోజూ కాలేజీకి తొక్కుతాడు. "వెనక చక్రం ఊగుతోందన్నా, మూడుసార్లు బెండు తీయించినా మళ్ళీ అంతే" అన్నాడు. చక్రం విప్పి, యాక్సిల్, అంటే మధ్యలో ఉండే ఇరుసు, బయటికి లాగి, షాపు ముందున్న గ్రానైట్ పలక మీద వేలితో దొర్లించాను. తిన్నగా ఉన్న యాక్సిల్ చప్పుడు లేకుండా దొర్లిపోతుంది. ఇది ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమని ఎగిరింది. కిందికి వంగి చూస్తే పలకకూ దానికీ మధ్య సందులోంచి వెలుతురు కనిపించింది. బేరింగ్ గుండ్లు తిరిగే కోన్ మీద సన్నటి గుంతలు పడ్డాయి. "గోరు పెట్టి చూడు" అన్నాను. గోరు తగులుకుంది. ఆ గుంతల్లోనే గుండ్లు రోజూ పడుతూ లేస్తూ తిరుగుతున్నాయి. ఇక్కడ చక్రం ఊగడం రిమ్ము తప్పు కాదు. లోపల యాక్సిలే వంగిపోయింది.

ఆ కుర్రవాడు సైకిల్‌ను మోటుగా వాడలేదు. యాక్సిల్ వంగడానికి కారణం దాని తయారీలోనే ఉంది. వెనక చక్రానికి గేర్ల పళ్ళు రెండు పద్ధతుల్లో బిగిస్తారు. చవక పద్ధతిలో ఆరేడు పళ్ళ చక్రాలున్న ఫ్రీవీల్‌ను హబ్ మీద, అంటే చక్రం మధ్యలో యాక్సిల్ చుట్టూ తిరిగే గొట్టం మీద, మరలాగా తిప్పి ఎక్కిస్తారు. దాంతో కుడివైపు బేరింగు ఆ ఫ్రీవీల్‌కు ఇవతల, హబ్ లోపలే ఆగిపోతుంది. అక్కడినుంచి ఫ్రేము దాకా మూడు నాలుగు సెంటీమీటర్ల యాక్సిల్‌కు ఏ ఆధారమూ ఉండదు. దాని మీద మీ బరువు, వీపు సంచి బరువు, పైగా గుంతలో పడిన దెబ్బ. 78 కిలోల మనిషికి అది ఏదో ఒకరోజు వంగక తప్పదు. రెండో పద్ధతి క్యాసెట్. ఇందులో గేర్లను తిప్పే యంత్రం హబ్‌లోనే భాగం కాబట్టి కుడివైపు బేరింగును దాదాపు ఫ్రేము అంచు దాకా జరపగలుగుతారు. యాక్సిల్‌కు రెండు చివరలా పట్టు దొరుకుతుంది. 34 వేల సైకిళ్ళలో సాధారణంగా ఉండేది ఇదే. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అమ్మేవాళ్ళు కూడా దీని గురించి చెప్పరు.

షాపులో మీరే తేల్చుకోవచ్చు. వెనక చక్రం కదలకుండా పట్టుకుని, గేర్ల పళ్ళను చేత్తో వెనక్కి తిప్పండి. మధ్యలో పానా పట్టడానికి గాట్లున్న రింగు ఉంటుంది. పళ్ళతో పాటు ఆ రింగు కూడా తిరిగితే క్యాసెట్. పళ్ళు తిరుగుతున్నా రింగు కదలకపోతే ఫ్రీవీల్. కొన్ని 20 వేల సైకిళ్ళకూ ఫ్రీవీలే పెడుతున్నారు, కాబట్టి ధర చూసి నమ్మకండి, తిప్పి చూడండి.

గేర్లు లేని సైకిల్ మేలని అన్నది ఇందుకే. దానికి వెనక ఒక్క పళ్ళచక్రమే ఉంటుంది, బేరింగులు యాక్సిల్ చివరలకు దగ్గరగా ఉంటాయి. మన పల్లెల్లో పాలవాళ్ళు నల్లటి 28 అంగుళాల సైకిల్‌కు రెండు వైపులా క్యాన్లు కట్టి, మట్టిరోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరిగారు. 20 కిలోల సైకిల్, రాడ్ బ్రేకులు, పెడల్ చేతులను బిగించే కాటర్ పిన్నులు. సుఖంగా ఉండేదని చెప్పను. కానీ దాని యాక్సిల్ వంగి నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్న డబ్బంతా అవసరమైన నాలుగైదు భాగాల మీద పెట్టి చేసిన సైకిల్ అది.

14 వేలదాంట్లో జరిగేది దానికి తలకిందులు. ఫ్రేము, చక్రాలు, హబ్బులు, చైను, సీటు ఎలాగూ ఇవ్వాలి. వాటికి తోడు అదే డబ్బులో షాకులు, రెండు డిస్కులు, ముందు మూడు పళ్ళచక్రాలు, గేరు మార్చే మీటలు, అంటే షిఫ్టర్లు, రెండు కూడా ఇవ్వాలి. ఆ డబ్బు కంటికి కనపడని చోటినుంచే తీస్తారు: హబ్, బేరింగులు, రిమ్ము, పుల్లలు (స్పోకులు). పైన పటారం, లోన లొటారం అంటారే, అదే. తయారుచేసేవాళ్ళను మాత్రమే అనను. షాపుకు వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది డిస్కుందా, షాకుందా, గేర్లెన్ని అని. హబ్‌లో ఏ బేరింగు వేశారని ఇన్నేళ్ళలో నన్ను అడిగినవాళ్ళు పదిమంది ఉండరు.

ఆ అదనపు సరుకుల సంగతి ఒక్కొక్కటి చూద్దాం.

షాకులు. 14 వేల సైకిల్‌కు వేసే షాకులో ఉండేది ఒక ఇనుప స్ప్రింగు, కాస్త గ్రీజు. అణిగిన స్ప్రింగును నెమ్మదిగా పైకి వదిలే ఆయిల్ ఏర్పాటు అందులో ఉండదు. గుంతలో అణుగుతుంది, వెంటనే ఎగదన్నుతుంది. పెడల్ గట్టిగా తొక్కినప్పుడల్లా కూడా అణుగుతుంది, అంటే మీ కాలి బలంలో కొంత ముందుకు పోకుండా అక్కడే ఆగిపోతుంది. బరువు రెండు కిలోలు దాటుతుంది. షాకుల్లేని ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కవ, కిలో అటూ ఇటూ. రెండు వానాకాలాలు గడిస్తే లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. రేణిగుంట రోడ్డుకు మీకు కావలసింది 38, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, అందులో సరిపడా గాలి. షాకు పని చాలావరకు అదే చేస్తుంది.

21 గేర్లు. ముందు 3, వెనక 7, గుణిస్తే 21. నిజంగా తొక్కి చూస్తే వాటిలో చాలావాటికి ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండదు. ముందున్న మధ్య పళ్ళచక్రం మీది ఒక గేరు, పెద్ద పళ్ళచక్రం మీది ఇంకో గేరు కాలికి ఒకేలా తెలుస్తాయి. ఇవాళ ఖరీదైన కొండ సైకిళ్ళకు ముందు ఒక్కటే, వెనక 12, అంతే. కాబట్టి ఆ అంకెకు విలువ లేదు. మీ డబ్బు కొనేది ఏమిటంటే, మీట నొక్కిన వెంటనే చైను ఎక్కడ పడాలో అక్కడే పడటం, ఆరు నెలల తర్వాత కూడా అలాగే పడటం. గేరు మార్చే వెనక చెయ్యి, అదే డిరైలర్, దాని కీళ్ళలో ఆట ఎంత తక్కువుంటే అంత బాగా పనిచేస్తుంది. చవకదాన్ని వేళ్ళతో పట్టుకుని పక్కకు ఊపండి, కిటికీ గడియలా లొడలొడలాడుతుంది. జపాన్‌లోని సకాయ్‌లో 1921లో మొదలైన షిమానో కంపెనీయే ఈ భాగాలను చాలా మెట్లలో చేస్తుంది. టూర్నీ అన్నది అడుగు మెట్టు, దాని పైన ఆల్టస్, ఏసెరా, అలివియో, డియోర్. రోడ్ బైకులకైతే క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్. "షిమానో గేర్లు" అని స్టిక్కరు ఉంటే అది ఏ మెట్టో అడగండి. వెనక డిరైలర్ ఒక్కటే షిమానోది పెట్టి, షిఫ్టర్లు, చైను, పళ్ళచక్రాలు ఊరూపేరూ లేనివి వేసిన సైకిళ్ళు చాలా చూశాను. మీలాంటి రోజువారీ వాడకానికి ఆల్టస్ గానీ క్లారిస్ గానీ పూర్తిగా సరిపోతుంది.

డిస్క్ బ్రేకులు. ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఇది ప్రాణానికి సంబంధించినది. చవక డిస్కును తీగ లాగుతుంది, రెండు ప్యాడ్లలో ఒకటే కదులుతుంది. కదిలే ప్యాడ్ డిస్కును పక్కకు వంచి, కదలని ప్యాడ్‌కు తాకిస్తుంది. ప్యాడ్ అరిగే కొద్దీ మీరే మర తిప్పుకుంటూ ఉండాలి. అది ఎవరికీ చెప్పరు, ఎవరూ తిప్పరు. ఒకరోజు మీట హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. మంచి హైడ్రాలిక్ బ్రేకులో ఆయిల్ రెండు ప్యాడ్లనూ సమానంగా నొక్కుతుంది, అరుగుదలను తనే సర్దుకుంటుంది, ఒక్క వేలితో ఆగుతుంది. చంద్రగిరి దాటి, రంగంపేట మీదుగా వెళ్ళి భాకరాపేట ఘాట్ ఎక్కాలని మీకు ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. ఎక్కడం సంగతి సరే, దిగేటప్పుడు ఆ మలుపుల్లో ఎదురుగా లారీ వస్తుంటే మీ వేళ్ళ కింద ఉన్న బ్రేకే మీకు దిక్కు. మీరు చూసిన 34 వేలదానికి హైడ్రాలిక్ ఉంటే చాలా మంచిది. లేక అల్యూమినియం రిమ్ములను పట్టే మంచి వీ-బ్రేకులున్నా నాకు అభ్యంతరం లేదు. తీగతో లాగే చవక డిస్కు కన్నా అవే నయం. వానలో మాత్రం రిమ్ము తడి ఆరేదాకా మొదటి ఒకటి రెండు చుట్లు పట్టదు, అది గుర్తుపెట్టుకుని ముందే పట్టాలి. ఇనుప రిమ్ములైతే వానలో బ్రేకు లేనట్టే లెక్క.

చక్రాల గురించి ఇంకా చెప్పాలి. చవక రిమ్ము ఒకే పొర రేకు. ఖరీదుదానికి రెండు పొరలు, మధ్యలో ఖాళీ. టైరు విప్పి చూస్తే తెలుస్తుంది: పుల్లల మరలు లోతైన గుంతలో ఉంటే రెండు పొరలు, నేరుగా ట్యూబుకు ఎదురుగా కనిపిస్తే ఒకటే. గుంతలో పడినప్పుడు ఒకే పొర రిమ్ము అంచు లోపలికి నొక్కుకుంటుంది, దాన్ని పూర్తిగా సరిచేయడం ఎవరివల్లా కాదు. పుల్లలదీ ఇదే కథ. యంత్రం గబగబా బిగించిన చక్రంలో ఒక పుల్ల వీణ తీగలా బిగుతు, పక్కది వదులు. వదులు పుల్ల ప్రతి చుట్టుకూ వంగుతూ లేస్తూ, చివరికి హబ్ దగ్గరున్న వంపులో పుటుక్కున తెగుతుంది. ఎక్కువగా తెగేవి వెనక చక్రానికి గేర్ల వైపువి. మా మేస్త్రీ కొత్త చక్రం వస్తే పుల్లలను రెండేసి చొప్పున పిడికిట్లో నొక్కుకుంటూ చుట్టూ వెళ్ళేవారు, తర్వాత ఒక్కో పుల్లను గోటితో మీటి చప్పుడు వినేవారు. ఒకవైపు పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలికేదాకా వదిలేవారు కాదు. షాపులో మీరూ మీటి చూడండి. 14 వేలదాన్నీ, 34 వేలదాన్నీ పక్కపక్కన మీటితే నేను రాసినదంతా మీ చెవికే వినిపిస్తుంది.

పెడల్ చేతులు తిరిగే చోటుంది కదా, బీబీ అంటాం, దానికి కూడా ఇదే తేడా. చవకదాంట్లో విడి గుండ్లు, గ్రీజు, పైన పల్చటి మూత. మంచిదాంట్లో అన్ని వైపులా మూసేసిన క్యాట్రిడ్జ్. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు నీళ్ళలో ఉన్న సైకిళ్ళు ఆ తర్వాత వారాలపాటు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. విడి గుండ్ల బీబీ విప్పితే కాఫీ రంగు బురద కారేది, గుండ్లు ఎర్రగా తుప్పు. మూసిన క్యాట్రిడ్జ్‌లు చాలావరకు పైన తుడిస్తే చాలు, తిరిగాయి. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏటా వస్తాయి, కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి పనికొచ్చే సంగతి కాదు.

ఇప్పుడు టైర్లు. మీ 34 వేలలో అతి ఎక్కువ సుఖం ఇచ్చేది ఏదని ఎవరైనా అడిగితే నేను టైరునే చూపిస్తాను. పెద్ద పెద్ద గడ్డలున్న కొండ టైరు తారురోడ్డు మీద బుర్రుమని మోగుతుంది. ఆ మోత మీ కాళ్ళ బలంతో పుట్టిందే. నున్నటి, మెత్తటి గుడ్డపొర ఉన్న టైరు అదే బలంతో మిమ్మల్ని ముందుకు తీసుకుపోతుంది. ఇక మన ముళ్ళు. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కంప నరికిన రోజు మీకు తెలియకుండానే టైరులో మూడు ముళ్ళు దిగుతాయి. ఎండాకాలంలో పల్లేరు కాయలు సరేసరి. మంచి టైరులో రబ్బరు కింద ముల్లును ఆపే పొర ఒకటి అదనంగా ఉంటుంది. అన్ని ముళ్ళనూ ఆపదు గానీ, నెలకు మూడు పంచర్లు పడేచోట రెండు నెలలకు ఒకటి పడటం నేను చూశాను. షాపువాళ్ళు వేసి ఇచ్చిన టైర్లకు ఆ పొర లేకపోతే, పాతవి అరిగాక అలాంటివి వేయించండి. గాలి విషయంలో ఒక మాట. పంచర్ షాపులో టైరు రాయిలా అయ్యేదాకా కొట్టిస్తారు. మీ బరువుకు 38 మిల్లీమీటర్ల టైరులో వెనక 50, ముందు 45 పౌండ్ల దగ్గర ఉంచండి, చేతులు తిమ్మిరెక్కవు. ఖరీదు సైకిళ్ళకు కొన్నిటికి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, పెట్రోల్ బంకు పైపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, కొని జేబులో పెట్టుకోండి.

మీ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు అన్నారు. చవక సైకిళ్ళు చాలావరకు ఒకే సైజులో వస్తాయి, "సీటు పైకి లేపుకుంటే సరిపోతుంది సార్" అంటారు. సీటు లేపితే కాలికి సరిపోవచ్చు, కానీ హ్యాండిల్‌కూ సీటుకూ మధ్య దూరం మారదు. ముడుచుకుని తొక్కి తొక్కి నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. మంచి సైకిల్ మూడు నాలుగు సైజుల్లో వస్తుంది. మీకు లార్జ్ సరిపోతుందని అనుకుంటున్నాను, అయినా ఎక్కి చూడకుండా డబ్బు కట్టకండి. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకుంటే సీటు ఎత్తు సరిగా ఉన్నట్టు. మీ సైజు లేదు, పక్క సైజు ఉంది, రెండు వేలు తగ్గిస్తాం అంటే ఒప్పుకోవద్దు. ఇన్నేళ్ళలో మంచి సైకిల్ మూలన పడటానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే.

ఇక బరువు. ఖరీదు పెరిగే కొద్దీ సైకిల్ తేలికవుతుంది, నిజమే. ఆ 14 వేలది ఇనుప ఫ్రేముతో 17 కిలోల దాకా ఉంటుంది. అల్యూమినియం హైబ్రిడ్ 12 కిలోల దగ్గర. 95 వేలది 9, 10 కిలోలు. మీరూ సైకిలూ కలిపి లెక్క వేద్దాం. 78కి 17 కలిపితే 95 కిలోలు. 78కి 12 కలిపితే 90. తేడా 5 శాతం చిల్లర. అంటే నిటారుగా గంటసేపు ఎక్కే గడ్డ ఉంటే 3 నిమిషాలు ముందు చేరతారు. చిత్తూరు నుంచి మొగిలి మీదుగా పలమనేరు ఎక్కేవాళ్ళకు, 300 మీటర్లకు పైగా ఎత్తు కాబట్టి అది తెలుస్తుంది. రేణిగుంట రోడ్డు చదును. అక్కడ బరువు దాదాపు తెలియదు. వేగం పెరిగాక మీరు పోరాడేది గాలితో, అందులోనూ గాలిని ఎక్కువ ఆపేది సైకిల్ కాదు, మీ ఒళ్ళు.

ఇదే లెక్క 34 వేలకూ 95 వేలకూ వేయండి. మూడు కిలోలు తగ్గితే గంట ఎక్కుడులో 2 నిమిషాలు. దానికి 61 వేలు. నేను 95 వేల సైకిల్‌ను తక్కువ చేయడం లేదు. వంగిన హ్యాండిల్ పట్టుకుని తల దించి తొక్కితే, గాలి తగ్గి, గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగం హాయిగా పెరుగుతుంది. పొద్దున 5 గంటలకు గుంపుగా శ్రీకాళహస్తి వెళ్ళొచ్చేవాళ్ళకు, 200 కిలోమీటర్లు తొక్కేవాళ్ళకు అది డబ్బుకు తగిన వస్తువు. ఆ టియాగ్రా, 105 గేర్లను సర్దేటప్పుడు నాకే ఆనందంగా ఉంటుంది. ఒక్క పావు మర తిప్పితే శుభ్రంగా పలుకుతాయి. కానీ మీరు దాన్ని ఫ్యాక్టరీ స్టాండులో నలభై బండ్ల మధ్య ఇరికించి పెట్టాలి. టిఫిన్ క్యారియర్ తగిలించాలి. చాలా రోడ్ బైకులకు క్యారియర్, మడ్‌గార్డు బిగించే బొక్కలే ఉండవు. టైరు సన్నం, రోడ్డు తవ్వి వదిలేసిన చోట ప్రాణం మీదికి వస్తుంది. దాని పైన లక్ష దాటాక కార్బన్ ఫ్రేములు మొదలవుతాయి. వాటికి పక్కనుంచి దెబ్బ తగిలితే లోపల చీలిక వచ్చినా బయటికి కనపడకపోవచ్చు. అంత డబ్బు పెట్టినవాళ్ళు పందేల కోసం పెడతారు. ఆ పందేల్లో కూడా అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 6.8 కిలోల కన్నా తేలిక సైకిల్‌ను ఒప్పుకోదు.

మీ నాన్నగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కష్టపడి సంపాదించినవారు అలాగే ఆలోచిస్తారు. వారికి ఈ లెక్క చూపించండి. రోజుకు 20 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 520. లీటరుకు 50 ఇచ్చే మోటార్ సైకిల్ అయితే 10 లీటర్ల పైచిలుకు. లీటరు వంద దాటిన రోజుల్లో నెలకు వెయ్యికి పైనే. 14కీ 34కీ ఉన్న 20 వేల తేడా ఇరవై నెలల్లోపే పెట్రోలులో తిరిగి వస్తుంది, ఆయిల్ మార్పు, ఇన్సూరెన్స్ లెక్కలోకి తీసుకోకుండానే. కానీ ఈ లెక్క మీరు నిజంగా రోజూ తొక్కితేనే. నా దగ్గరికి వచ్చే 14 వేల సైకిళ్ళలో చాలావాటికి ఏడాది తిరిగేసరికి చైను తుప్పు, టైరులో గాలి లేదు, సీటు మీద దుమ్ము. అడిగితే "బరువుగా ఉంది, మోత వస్తోంది, మానేశానన్నా" అంటారు. బద్ధకం వాళ్ళది కాదు, బరువుగా తిరిగే చక్రాన్ని రోజూ తొక్కమంటే ఎవరు తొక్కుతారు?

కొనేటప్పుడు సైకిల్ ధర ఒక్కటే లెక్క వేసుకోకండి. హెల్మెట్, ముందు వెనక లైట్లు, గట్టి తాళం, గాలి పంపు, ఒక అదనపు ట్యూబు, వీటికి 4 వేలు పక్కన పెట్టుకోండి. రేణిగుంట రోడ్డు మీద రాత్రి షిఫ్టు వదిలాక లైటు లేకుండా రావద్దు, ఇది అన్నగా చెబుతున్నాను. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత సరుకు మీద పాత ధర స్టిక్కరు అలాగే ఉండొచ్చు, బిల్లులో పన్ను ఎంత వేశారో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో 34 వేల రకం 18, 20 వేలకు దొరికితే అదీ మంచి దారే. ఒక స్కేలు తీసుకెళ్ళండి. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి 24 పిన్నుల అవతలి దాని మధ్య వరకు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగి ఉంటే వెనక పళ్ళు కూడా అరిగిపోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

చైనుకు వాడిన ఇంజిన్ ఆయిల్ పూయకండి. మన దుమ్ము దానికి అంటుకుని గరుకు పేస్టులా మారుతుంది, రెండేళ్ళు రావలసిన చైను ఏడాది కూడా రాదు. సైకిల్ చైను ఆయిల్ చుక్క చుక్కగా వేసి, పది నిమిషాలాగి, పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. లోపల మిగిలింది చాలు.

కొన్నాక మొదటి 150 కిలోమీటర్లకు, అంటే మీ వాడకంలో పదిరోజుల లోపే, కొత్త పుల్లలు సర్దుకుని కాస్త వదులవుతాయి, తీగలు సాగుతాయి. అమ్మిన షాపులోనే తీసుకెళ్ళి పుల్లల బిగుతు, గేర్లు, బ్రేకులు మళ్ళీ సరిచేయించండి. చాలామంది షాపువాళ్ళు మొదటి సర్వీసు ఉచితంగానే చేస్తారు, కొనేవాళ్ళే వెళ్ళరు. అక్కడ చక్రం స్టాండుకు ఎక్కించి తిప్పుతారు. రిమ్ము, స్టాండు మీద పక్కనుండే ముల్లుకు దగ్గరగా వచ్చి దూరంగా పోతోందా, లేక ఒకే సందులో తిరుగుతోందా, పక్కన నిలబడి మీ కళ్ళతో చూసుకున్నాకే సైకిల్ దింపించండి.